కెమెరా లెన్స్ స్టెబిలైజర్ ఆన్ చేస్తే బొమ్మ ఎగురుతోంది, ఆఫ్ చేస్తే ఒక పక్క మసక. రిపేరు చేయించాలా, ఇలాగే వాడుకోవాలా?

కావలి కెమెరా · సోమవారం రాత్రి 10:42

అందరికీ నమస్కారం. పెళ్లిళ్ల ఫోటోగ్రఫీ నాది. 70-200 ఎఫ్/2.8 జూమ్ లెన్స్, స్టెబిలైజర్ (చేతి వణుకును సరిచేసేది) ఉన్నది, ఫుల్ ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్ మీద వాడుతున్నాను. కొన్నాళ్లుగా ఒక తేడా కనిపిస్తోంది. షట్టర్ సగం నొక్కగానే వ్యూఫైండర్‌లో బొమ్మ పైకి ఎగిరి, మళ్లీ కిందికి వచ్చి, మళ్లీ ఎగురుతుంది. లోపల టిక్ టిక్ అని చప్పుడు. జూమ్ 70 దగ్గర బాగానే ఉంటుంది, 135 దాటాక మొదలవుతుంది. సరే పోనీలే అని స్విచ్ ఆఫ్ చేసి తీస్తే ఇంకో తలనొప్పి. ఎఫ్/2.8లో (లెన్స్ పూర్తిగా తెరిచి) తీస్తే ఫ్రేములో ఎడమ పక్క మసకగా వస్తోంది. వెలుగు తగ్గించి ఎఫ్/8 పెడితే పెద్దగా తెలియదు కానీ రాత్రి ముహూర్తానికి మండపంలో ఎఫ్/8 ఎక్కడ పెడతాం?

లెన్స్ కింద పడలేదు, నీళ్లు తగల్లేదు. వారంటీ ఇంకా ఉంది. మాఘమాసం పెళ్లిళ్లు మీదికొచ్చాయి, అడ్వాన్సులు తీసుకున్నాను, టెన్షన్‌గా ఉంది. ఎవరికైనా ఇలా అయిందా?

రొయ్యల గుంట · సోమవారం రాత్రి 10:51

నీకు బొమ్మయినా ఎగురుతోందన్నా. మా పక్క రొయ్య రేటు తప్ప అన్నీ ఎగురుతున్నాయి.

పెన్నా గట్టు (మోడరేటర్) · సోమవారం రాత్రి 11:05

కావలి తమ్ముడూ, కంపెనీ పేరు రాయనందుకు థాంక్స్. కొత్తవాళ్లకు మళ్లీ చెబుతున్నా: ఫిర్యాదు టాపిక్‌లలో కంపెనీ పేరు, షాపు పేరు, సర్వీస్ సెంటర్ పేరు రాయొద్దు. పోయినసారి ఒక పేరు మీద మొదలైన గొడవ నాలుగు పేజీలు పోయి చివరికి లెన్స్ సంగతే మర్చిపోయారు. ఐఎస్ అన్నా, వీఆర్ అన్నా, ఓఎస్, వీసీ, ఓఎస్ఎస్ అన్నా కంపెనీని బట్టి పేరు మారుతుంది, చేసే పని ఒకటే. కాబట్టి "స్టెబిలైజర్" అని రాస్తే చాలు.

గూడబాతు · మంగళవారం ఉదయం 6:20

రిపేరు దాకా పోయేముందు కొన్ని ప్రశ్నలు. ఇంకో కెమెరా బాడీ మీద పెట్టి చూశావా? బ్యాటరీ ఒరిజినలేనా, ఫుల్ ఛార్జ్ ఉందా? స్టెబిలైజర్‌కు కరెంటు బాగానే కావాలి. పాతబడిన డూప్లికేట్ బ్యాటరీతో పిచ్చివేషాలు వేసిన లెన్సులు నేను చూశాను. లెన్స్ వెనక లోహపు కాంటాక్టులు తుడిచావా? ట్రైపాడ్ మీద ఉన్నప్పుడా, చేత్తో పట్టుకున్నప్పుడా?

చివరిది ఎందుకు అడుగుతున్నానంటే, పాత డిజైన్ లెన్సుల్లో ట్రైపాడ్ మీద స్టెబిలైజర్ ఆన్‌లో ఉంచితే లేని వణుకును ఉన్నట్టు పట్టుకుని అదే బొమ్మను కదిలిస్తుంది. దాన్ని పాడైందనుకుని సర్వీసుకు పంపినవాళ్లు ఉన్నారు. కొత్తవాటిలో చాలా వరకు ట్రైపాడ్‌ను గుర్తుపట్టి సర్దుకుంటాయి.

ఇంకోటి. సగం నొక్కగానే బొమ్మ ఒక్కసారి చిన్నగా జరిగి కుదురుకుంటే అది మామూలే. కుదురుకోకుండా ఎగురుతూనే ఉంటే మామూలు కాదు.

కావలి కెమెరా · మంగళవారం ఉదయం 9:14

అక్కా, చేత్తో పట్టుకున్నప్పుడే. బ్యాటరీ ఒరిజినల్. కాంటాక్టులు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, లెన్స్ క్లాత్‌తో తుడిచాను, తేడా లేదు. మా ఊళ్లోనే ఇంకో స్టూడియో అన్న బాడీ మీద పెడితే అక్కడా అంతే. ఆయన లెన్స్ నా బాడీ మీద శుభ్రంగా పనిచేసింది.

ఒంగోలు గిత్త · మంగళవారం ఉదయం 9:40

అయితే లెన్సే. బాడీ మీద అనుమానం వదిలేయ్.

కానీ నన్నడిగితే రిపేరు ఎందుకు? పెళ్లిలో ఫ్లాష్ కొడతావు, షట్టర్ 1/200 సెకను పెడతావు. స్టెబిలైజర్‌తో పనేముంది? నేను సంక్రాంతి ఎడ్ల పందేలు తీస్తాను. గిత్తలు బండ లాగుతుంటే పక్కన ఫాలో అవుతూ తీసేదానికి స్టెబిలైజర్ మోడ్ 2లో ఉండాలి, మోడ్ 1లో పెడితే పక్కకు తిప్పుతున్న కదలికను కూడా వణుకనుకుని వెనక్కి లాగుతుంది. ఆ గొడవంతా ఎందుకని అసలు ఆఫ్‌లోనే ఉంచుతా. ఫిల్మ్ రోజుల్లో ఎవరికుంది స్టెబిలైజర్? పెళ్లిళ్లు జరగలేదా, ఆల్బమ్‌లు రాలేదా?

పాత స్క్రూడ్రైవర్ · మంగళవారం మధ్యాహ్నం 1:30

గిత్తగారూ, ఫిల్మ్ రోజుల్లోనూ ఉంది. మార్చుకునే ఎస్ఎల్ఆర్ లెన్సుల్లో స్టెబిలైజర్‌తో మొదటిది 1995లో వచ్చిన కానన్ 75-300. అది ఫిల్మ్ కెమెరా లెన్సే. సరే, అది పక్కన పెడదాం.

ఆఫ్‌లో పెట్టి వాడుకోమని చెప్పడం ఈ కేసులో కుదరదు. ఎందుకో వివరంగా రాస్తాను. చాలామంది ఇక్కడే పొరపడతారు.

లెన్స్ లోపల కొన్ని గాజులు కలిపి ఒక చిన్న గ్రూపుగా ఉంటాయి. ఆ గ్రూపు పైకీ కిందికీ, పక్కలకూ కొద్దిగా జరగగలదు. చేతి వణుకు ఎంత కోణంలో, ఎంత వేగంగా ఉందో కొలిచేవి రెండు గైరో సెన్సర్లు, ఒకటి పైకీ కిందికీ, ఇంకోటి పక్కలకు. లెన్స్ లోపలి ప్రాసెసర్ ఆ లెక్క చూసి, కాయిల్, అయస్కాంతం సాయంతో గ్రూపును ఎదురు దిశలో జరుపుతుంది. గ్రూపు నిజంగా ఎక్కడుందో తిరిగి చెప్పేది హాల్ సెన్సర్. నెత్తిన నీళ్ల బిందెతో నడిచే మనిషిని చూడండి, కాళ్లు ఎటు కదిలినా మెడ సర్దుకుంటూ బిందెను నిలబెడుతుంది. ఇక్కడ మెడ పని కాయిల్‌ది.

ఇప్పుడు అసలు విషయం. ఆఫ్ చేసినప్పుడు ఆ గ్రూపు ఎక్కడుండాలి? సరిగ్గా నడిమధ్యలో. డీఎస్ఎల్ఆర్ కాలపు లెన్సుల్లో చాలా వాటికి దాన్ని మధ్యలో పట్టి ఉంచే లాక్ ఉంటుంది. ఆన్ అయినప్పుడు "టక్" అని లాక్ ఊడుతుంది, ఆగినప్పుడు మళ్లీ పడుతుంది. మిర్రర్‌లెస్ లెన్సుల్లో చాలా వాటికి ఈ లాక్ ఉండదు, కెమెరా ఆన్‌లో ఉన్నంతసేపూ కరెంటే మధ్యలో పట్టి ఉంచుతుంది. అందుకే వాటిని బ్యాగులోంచి తీసి ఊపితే గలగలమంటాయి, అది జబ్బు కాదు. లాక్ ఉన్న వాటిలో కూడా స్టెబిలైజర్ తిరుగుతుండగానే కెమెరా ఆపేసినా, లెన్స్ ఊడదీసినా గలగలమనొచ్చు. మళ్లీ తగిలించి ఆన్ చేసి ఆపితే సర్దుకుంటుంది. నికాన్ మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది ఈ సంగతి.

కావలి అబ్బాయి లెన్స్ ఆఫ్ చేసినా ఒక పక్క మసక అంటున్నాడు. అంటే గ్రూపు మధ్యలో లేదు. స్విచ్ ఆఫ్ చేస్తే స్టెబిలైజర్ పని ఆగుతుంది, అంతే. గాజు మాత్రం లోపలే, వెలుగు దారిలోనే ఉంటుంది. అది పక్కకు జరిగి కూర్చుంటే ప్రతి ఫోటో మీదా ఆ ప్రభావం పడుతుంది.

అబ్బాయీ, సాయంత్రం ఈ పరీక్ష చెయ్యి. గోడ మీద పేపరు పేజీలు నాలుగు మూలలకీ, మధ్యలోనూ అంటించు. కెమెరాను ట్రైపాడ్ మీద గోడకు సూటిగా పెట్టు. స్టెబిలైజర్ ఆఫ్, ఎఫ్/2.8, 2 సెకన్ల టైమర్, లైవ్ వ్యూలో మధ్యలో ఫోకస్. ఒక ఫోటో తీశాక కెమెరాను తలకిందులు చేసి ఇంకోటి, నిలువుగా పెట్టి ఇంకోటి. నిలువు రెండు వైపులా తియ్యి. స్క్రీన్ మీద కాదు, కంప్యూటర్లో పెద్దది చేసి చూసి ఏ పక్క మసకగా ఉందో రాయి. మసక ఎప్పుడూ ఫ్రేములో ఒకే పక్కనుంటే గాజు ఎక్కడో స్థిరంగా పక్కకు జరిగినట్టు. కెమెరాను తిప్పినప్పుడల్లా మసక కూడా ఫ్రేములో చోటు మారుతుంటే, లాక్ పట్టక గ్రూపు బరువుకు కిందికి జారుతున్నట్టు. ఒకటి జాగ్రత్త, కెమెరా గోడకు సూటిగా లేకపోయినా మసక చోటు మారినట్టే కనిపిస్తుంది. తిప్పిన ప్రతిసారీ సూటిగా ఉందో లేదో చూసుకో.

జూమ్ సంగతి కూడా గమనించు. 70 దగ్గర బాగుండి 135 దాటాక మొదలవుతోంది అన్నావు. ఆ ఒక్క మాటతోనే నాకు సగం అర్థమైంది కానీ, పరీక్ష చూశాక చెబుతా.

రొయ్యల గుంట · మంగళవారం మధ్యాహ్నం 1:52

స్క్రూడ్రైవర్ సార్ సగం చెప్పి ఆపేస్తే మేం రాత్రి నిద్ర ఎట్టా పోవాల?

గూడబాతు · మంగళవారం సాయంత్రం 5:05

గిత్తగారు చెప్పిన దాంట్లో కొంత నిజం ఉంది, కొంత లేదు.

చేత్తో పట్టుకుని 200 దగ్గర తీస్తే, పాత లెక్క ప్రకారం షట్టర్ 1/200 అయినా ఉండాలి. క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్నది) అయితే 1/300 దాకా. నాలుగు స్టాప్‌ల స్టెబిలైజర్ అంటే 1/200 కాస్తా 1/100, 1/50, 1/25, చివరికి 1/13 దాకా దిగొచ్చు అని. ఇది చేతి వణుకుకు మాత్రమే. ఎదుటి మనిషి కదలికను ఏ స్టెబిలైజరూ ఆపదు. తలంబ్రాలు పోసేటప్పుడు 1/25లో తీస్తే మండపం స్తంభాలు అద్దంలా వస్తాయి, పెళ్లికొడుకు చెయ్యి మాత్రం పొగలా వస్తుంది. బియ్యం గింజలు గాల్లో ఆగాలంటే 1/250 పైన కావాలి. అక్కడ స్టెబిలైజర్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. ఇంతవరకు గిత్తగారు కరెక్ట్.

కానీ వీడియో? 70-200 పట్టుకుని స్టెబిలైజర్ లేకుండా చేత్తో వీడియో తీస్తే చూసేవాళ్లకు కళ్లు తిరుగుతాయి. అదీగాక జీలకర్ర-బెల్లం పెట్టించేటప్పుడు ఫ్లాష్ కొట్టొద్దనే పురోహితులు ఉన్నారు, అక్కడ ఉన్న వెలుగుతోనే లాగాలి. స్టేజీ వెనక ఎల్ఈడీ గోడ ఉంటే చారలు పడకుండా 1/50, 1/100 దగ్గరే ఆగాల్సి వస్తుంది. అప్పుడు 200 దగ్గర స్టెబిలైజర్ లేకపోతే కష్టమే.

నేను నేలపట్టులో గూడబాతులు తీస్తాను. (2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు అది తిరుపతి జిల్లాకు పోయింది, నాకు మాత్రం ఇప్పటికీ నెల్లూరు నేలపట్టే.) ఎగిరే పక్షికి 1/2000 పెడతాను, స్టెబిలైజర్ ఆఫ్. గూట్లో కూర్చున్న పక్షికి పొద్దున్నే వెలుగు చాలనప్పుడు ఆన్. పనిని బట్టి మార్చుకోవడమే.

దర్శి ఫ్రేమ్స్ · మంగళవారం సాయంత్రం 6:18

ఇంత బుర్ర ఎందుకు బద్దలు కొట్టుకోవడం బ్రో. 70 దగ్గర బాగానే పనిచేస్తోందిగా. కొనేవాడికి 70 దగ్గర ఆన్ చేసి చూపించు, సెకండ్ హ్యాండ్‌లో అమ్మేయ్. డబ్బు కాస్త కలిపి ఇంకోటి కొనుక్కో.

ఒంగోలు గిత్త · మంగళవారం సాయంత్రం 6:25

ఇదేం సలహా? అది కొనేది కూడా మనలాగే ఈఎంఐ కట్టుకునే కుర్రాడే.

పెన్నా గట్టు (మోడరేటర్) · మంగళవారం సాయంత్రం 6:31

దర్శి బాబూ, ఈ వేదికలో అమ్మకాల విభాగం కూడా ఉంది. తప్పు దాచి అమ్మమని సలహా ఇచ్చినవాళ్లు ఇక్కడ ఎలా అమ్ముతారో అందరికీ అనుమానం వస్తుంది. ఇంకోసారి వద్దు. లోపం రాసి, ధర తగ్గించి అమ్మితే ఎవరికీ అభ్యంతరం లేదు.

దర్శి ఫ్రేమ్స్ · మంగళవారం సాయంత్రం 6:40

సరదాకి అన్నాను సార్.

కావలి కెమెరా · మంగళవారం రాత్రి 11:20

అమ్మే ఉద్దేశం లేదు గట్టుగారూ. పరీక్ష చేశాను. అడ్డంగా మామూలుగా పెడితే ఎడమ పక్క, దాంతోపాటు కింది పక్క కొంచెం. తలకిందులు చేస్తే మసక కుడి పక్కకు, పైకి మారింది. నిలువుగా పెడితే ఒక వైపుకు ఎక్కువ, ఇంకో వైపుకు తక్కువ. గోడకు సూటిగా ఉందని ప్రతిసారీ టేపుతో కొలిచాను. 70 దగ్గర కూడా మసక ఉంది కానీ చాలా తక్కువ. ఇంకో సంగతి, ఆఫ్‌లో ఉంచి కెమెరాను నెమ్మదిగా తిప్పుతుంటే వ్యూఫైండర్‌లో బొమ్మ ఒకచోట చిన్నగా జారినట్టు తెలిసింది. ముందు ఎప్పుడూ గమనించలేదు.

పాత స్క్రూడ్రైవర్ · బుధవారం ఉదయం 8:10

బాగా చేశావు. లాక్ సరిగా పడటం లేదు, గ్రూపు జారుతోంది. నువ్వు చూసిన ఆ జారుడు దాని గుర్తే.

ఇక 135 దాటాక ఎగరడం సంగతి. జూమ్ తిప్పినప్పుడు లోపల కొన్ని గ్రూపులు ముందుకూ వెనక్కూ జరుగుతాయి. వాటితోపాటు కరెంటు, సిగ్నల్ మోసే పల్చటి ఫ్లెక్స్ పట్టీలు మడతపడుతూ విప్పుకుంటూ ఉంటాయి. జూమ్‌లో ఒకచోట బాగుండి ఇంకోచోట చెడితే మొదటి అనుమానం ఫ్లెక్స్ మీదే. పట్టీలో సన్నటి గీత పడి ఉంటుంది, మడత పడినప్పుడు కనెక్షన్ పోతుంది. హాల్ సెన్సర్ కబురు అందకపోతే ప్రాసెసర్‌కు గ్రూపు ఎక్కడుందో తెలియదు, గుడ్డిగా ఒక చివరికి కొడుతుంది. నీకు వినపడే టిక్ టిక్ అదే. లాక్‌కు సిగ్నల్ పోయేది కూడా ఆ పట్టీ గుండానే అయితే రెండు జబ్బులకూ మూలం ఒకటే. అలా అయితే అదృష్టం. లాక్ ముక్కే విరిగితే స్టెబిలైజర్ యూనిట్ మొత్తం మార్చాలి.

గైరో పాడైతే వేరేలా ఉంటుంది. బొమ్మ ఎగరదు, నెమ్మదిగా ఒక పక్కకు కొట్టుకుపోయి చటుక్కున మధ్యకు వస్తుంది. నీది అది కాదు.

సొంతంగా విప్పొద్దు. ఎవరైనా విప్పమన్నా విప్పొద్దు. ఈ జపాన్ లెన్సుల స్క్రూలు జేఐఎస్ రకం. మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ పెడితే తల అరిగిపోతుంది, ఆ తర్వాత నాలాంటివాడు కూడా తీయలేడు. అదీగాక గాజు గ్రూపులను ఫ్యాక్టరీలో సన్నటి వాషర్లతో, వంకర కాలర్లతో మధ్యకు సరిచేసి ఉంటారు. ఏది ఎటు ఉందో గుర్తు పెట్టుకోకుండా తీస్తే కొత్త ఫ్లెక్స్ వేసినా మసక పోదు. నేను ఒంగోలులో పాత మాన్యువల్ లెన్సులు విప్పి ఫంగస్ తీస్తాను, దీని జోలికి మాత్రం పోను. సరిచేశాక సరిగా కూర్చుందో లేదో చూడటానికి కావాల్సిన కొలిమేటర్, సాఫ్ట్‌వేర్ నా దగ్గర లేవు. వారంటీ ఉంది కదా, కంపెనీ సర్వీసుకే పంపు.

కనిగిరి కుర్రోడు · బుధవారం ఉదయం 10:02

సార్ నాదొక డౌట్. నా ఫోన్ కెమెరాలో కూడా ఇలాగే బొమ్మ వణుకుతోంది, జర్ర్ అని సౌండ్ వస్తోంది. ఫోన్‌లో కూడా ఇదే మెషీన్ ఉంటుందా?

మైపాడు అల · బుధవారం ఉదయం 10:30

ఉంటుంది తమ్ముడూ, చాలా ఫోన్లలో ఉంటుంది, చిన్నది. బండి హ్యాండిల్‌కు ఫోన్ బిగించి మ్యాప్ చూసుకుంటూ తిరుగుతావా? ఎక్కువ సీసీ బండ్ల ఇంజిన్ అదురుకు ఐఫోన్ కెమెరాలోని స్టెబిలైజర్, ఆటోఫోకస్ దెబ్బతినొచ్చని యాపిల్ కంపెనీయే 2021లో చెప్పింది. చిన్న ఇంజిన్ స్కూటర్లకైనా అదురు పీల్చుకునే మౌంట్ వాడమంది.

కావలి అన్నకు కూడా ఒక మాట. లెన్స్ బ్యాగును బండి ట్యాంకు మీద పెట్టుకుని పోతుంటే ఆ అదురు దానికీ తగులుతుంది. వీపుకు తగిలించుకుంటే మన ఒళ్లే కొంత పీల్చుకుంటుంది. నేను సముద్రం ఒడ్డున ఎక్కువ తీస్తాను. మైపాడులో సాయంత్రం గాలికి లెన్స్ మీద ఉప్పు పొర కడుతుంది. ఇంటికి రాగానే తడి గుడ్డతో బయట తుడిచి, ఆరాక సిలికా జెల్ డబ్బాలో పెడతాను. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే చాలు.

రొయ్యల గుంట · బుధవారం ఉదయం 10:44

మా గుంటల దగ్గర తేమ 40 శాతం ఉందంటే కలెక్టర్‌కు ఫోన్ చేస్తాం, కరువొచ్చిందని.

కావలి కెమెరా · శనివారం రాత్రి 9:36

లెన్స్ చెన్నై తీసుకెళ్లి ఇచ్చాను. పినాకిని రైల్లో పోతే చేరేసరికి మధ్యాహ్నం అవుతుంది, అందుకని తెల్లారకముందే బస్సెక్కాను. వాళ్లు చూసి ఈరోజు ఎస్టిమేట్ పంపారు. స్టెబిలైజర్ యూనిట్, ఫ్లెక్స్ రెండూ మార్చాలట. అన్నీ కలిపి 21,600 రూపాయలు. వారంటీలో కదా అంటే "లోపల దెబ్బ తగిలిన ఆనవాళ్లు ఉన్నాయి, వర్తించదు" అని ఒక్క వాక్యం. ఫోన్ చేస్తే "టెక్నీషియన్ రిపోర్ట్ సార్, మేం చేసేదేం లేదు" అంటున్నారు. లెన్స్ బయట ఒక్క గీత లేదు. దెబ్బ ఎక్కడ తగిలిందో కూడా చెప్పరు. ఇంకో మాట, "మీరు కమర్షియల్‌గా వాడుతున్నారు కదా" అని కూడా అన్నారు.

నల్లకోటు · ఆదివారం ఉదయం 7:55

నెల్లూరు కోర్టులో ప్రాక్టీస్ చేస్తాను, ఫోటోగ్రఫీ నాకు ఆదివారం సరదా. నాలుగు ముక్కలు చెబుతాను.

ముందు ఫోన్లు ఆపి ఈమెయిల్ రాయండి. దెబ్బ ఏ భాగం మీద ఉందో ఫోటోలతో సహా రాతపూర్వకంగా ఇవ్వమనండి. వారంటీ కార్డులో ఏ షరతు కింద తిరస్కరిస్తున్నారో ఆ షరతు నంబరు అడగండి. మీరు లెన్స్ ఇచ్చినప్పుడు వాళ్లు రాసిచ్చిన జాబ్ షీట్‌లో బయటి స్థితి ఏమని ఉందో చూసుకోండి. "గీతలు లేవు" అనో "మంచి స్థితి" అనో ఉంటే అది మీ చేతిలో మంచి కాగితం.

కమర్షియల్ అన్న మాటకు భయపడొద్దు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో వ్యాపారం కోసం కొన్నవాళ్లు వినియోగదారులు కారని ఉంది నిజమే, కానీ దాని కిందే వివరణ కూడా ఉంది. సొంత కష్టంతో బతుకుతెరువు కోసం కొనుక్కుని వాడుకుంటే అది ఆ మినహాయింపు కిందికి రాదు. ఒంటి చేత్తో పెళ్లిళ్లు తీసుకునే ఫోటోగ్రాఫర్‌కు ఈ వివరణ సరిపోతుంది. పదిమందిని పెట్టుకుని కంపెనీ నడిపేవాళ్ల కథ వేరు.

వాళ్లు దిగిరాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పండి, తెలుగులో మాట్లాడొచ్చు. అదీ కాకపోతే జిల్లా కమిషన్. చెన్నై పోనక్కర్లేదు, మీరు ఉండే జిల్లాలోనే వేసుకునే వీలు ఈ చట్టం ఇచ్చింది. ఈ-జాగృతి పోర్టల్లో ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు. వస్తువు ఖరీదు 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. గడువు రెండేళ్లు. కానీ నా అనుభవంలో సూటిగా రాసిన ఈమెయిల్‌తోనే చాలా వరకు తేలిపోతాయి.

దర్శి ఫ్రేమ్స్ · ఆదివారం ఉదయం 8:30

నల్లకోటు సార్, బిల్లు లేకుండా తక్కువకు కొన్న ఇంపోర్టెడ్ లెన్స్‌కు కూడా ఇవన్నీ వర్తిస్తాయా?

నల్లకోటు · ఆదివారం ఉదయం 8:41

బిల్లే లేకపోతే కొన్నారని దేనితో చూపిస్తారు బాబూ? ఆ తగ్గింపు దేనికిచ్చాడో అప్పుడు తెలుస్తుంది.

ఒంగోలు గిత్త · ఆదివారం ఉదయం 9:15

కావలి తమ్ముడూ, ఈమెయిల్‌లో పెద్దాయన చెప్పిన సంగతి కూడా రాయి. జూమ్ 135 దాటాకే వస్తోంది, అది ఫ్లెక్స్ అరుగుదల లక్షణం, దెబ్బ కాదు అని. మసక పరీక్ష ఫోటోలు జత చెయ్యి. ఊరికే "నా లెన్స్ బాగుచేయండి" అని ఏడిస్తే వినరు.

కావలి కెమెరా · శుక్రవారం రాత్రి 8:20

అందరూ చెప్పినట్టే రాశాను, జాబ్ షీట్ కాపీ కూడా పెట్టాను. అందులో "బాడీ మంచి స్థితి" అని వాళ్ల అక్షరాలతోనే ఉంది. జవాబు వచ్చింది. లోపలి ఫోటో పంపారు, ఫ్లెక్స్ పట్టీ మడత దగ్గర చీలిన గీత స్పష్టంగా కనిపిస్తోంది. దెబ్బ ఫోటో మాత్రం లేదు. "ప్రత్యేక పరిశీలన కింద" విడిభాగాలు ఉచితం, కూలీ మాత్రం 4,200 కట్టమన్నారు. వాదించాలనిపించింది కానీ పెళ్లి నెత్తిమీదికొచ్చింది, కట్టేశాను. నల్లకోటు గారూ, స్క్రూడ్రైవర్ గారూ, చాలా థాంక్స్.

నల్లకోటు · శుక్రవారం రాత్రి 8:47

కూలీ కూడా కట్టాల్సింది కాదు. అయినా మీ ఇష్టం. ఆ 4,200కు జీఎస్టీ బిల్లు, రిపేరు మీద వారంటీ ఎంతకాలమో కాగితం మీద తీసుకోండి.

పాత స్క్రూడ్రైవర్ · శుక్రవారం రాత్రి 9:30

మంచిది. ఇంటికి తెచ్చాక సంతోషంతో బ్యాగులో పెట్టేయకు. గోడ పరీక్ష మళ్లీ చెయ్యి, 70, 135, 200 మూడు చోట్లా, ఎఫ్/2.8లో, ఆఫ్‌లోనూ ఆన్‌లోనూ. యూనిట్ మార్చినప్పుడు గాజును మళ్లీ మధ్యకు సరిచేయాలి, హడావిడిలో సీజన్ రద్దీలో అది సగం సగం చేసేవాళ్లు ఉన్నారు. ఆటోఫోకస్ కూడా చూసుకో, ముందుకో వెనక్కో పడుతుండొచ్చు. స్టెబిలైజర్ పరీక్షకు 200 దగ్గర 1/25 పెట్టి చేత్తో ఒక వరుస తియ్యి, సగం నొక్కి ఒక సెకను ఆగి అప్పుడు పూర్తిగా నొక్కు. అది కుదురుకోవడానికి ఆ మాత్రం సమయం ఇవ్వాలి. ఎక్కువ ఫోటోలు షార్ప్‌గా వస్తే సరే.

కావలి కెమెరా · మంగళవారం సాయంత్రం 4:15

లెన్స్ వచ్చింది. ఎగరడం పూర్తిగా పోయింది, చప్పుడు లేదు. 200 దగ్గర 1/25లో చాలా వరకు షార్ప్‌గా ఉన్నాయి, 1/13లో సగం సగం. ఆఫ్‌లో ఎడమ పక్క మసక లేదు. కెమెరా తిప్పినా ఏమీ జారడం లేదు.

కానీ 200 దగ్గర ఎఫ్/2.8లో కుడి పై మూల కొంచెం మెత్తగా ఉంది. ఎఫ్/4కు పోతుంది. 70, 135 దగ్గర లేదు. ఇది ముందునుంచీ ఉందో లేదో చెప్పడానికి కొత్తలో తీసిన గోడ ఫోటోలు నా దగ్గర లేవు.

పాత స్క్రూడ్రైవర్ · మంగళవారం సాయంత్రం 5:02

నాకు ఈమెయిల్‌లో ఒరిజినల్ ఫైల్ పంపు... చూశాను. తలకిందులు చేసినా అదే మూల మెత్తగా ఉంది కాబట్టి గోడ తేడా కాదు, గ్రూపు ఒక వెంట్రుకవాసి వంగి కూర్చుంది. సరిచేయగలిగినదే. రిపేరు వారంటీ ఉండగానే ఈ ఫోటోతో వెనక్కి పంపు, ఆలస్యం చేయకు.

ఒంగోలు గిత్త · మంగళవారం సాయంత్రం 5:20

పెద్దాయనా, ఎఫ్/2.8లో 200 దగ్గర కుడి పై మూలలో పెళ్లిలో ఏముంటుంది? మామిడాకు తోరణం. వదిలేయమను.

గూడబాతు · మంగళవారం సాయంత్రం 5:33

నిలువు ఫోటోలో ఆ మూలే పెళ్లికూతురి ముఖం పక్కకు వస్తుంది గిత్తగారూ. డబ్బు కట్టి చేయించుకున్నాడు, పూర్తిగా చేయించుకోనివ్వండి.

కావలి కెమెరా · మంగళవారం సాయంత్రం 6:10

పంపాలనే ఉంది అక్కా, కానీ గురువారం రాత్రి కోవూరులో పెళ్లి. దీంతోనే తీసి, శనివారం పంపిస్తాను.

గూడబాతు · మంగళవారం సాయంత్రం 6:24

ఈరోజే కొరియర్ చెయ్యి. నా 70-200 తీసుకెళ్లు, నీ బాడీకి పడుతుంది, ఈ వారం నాకు పక్షుల పని లేదు. గురువారం మధ్యాహ్నం నెల్లూరు ఆర్టీసీ బస్టాండులో ఇస్తాను. ట్రైపాడ్ కాలర్ స్క్రూ వదులుగా ఉంది, బిగించుకుని వాడుకో. హుడ్ మర్చిపోకుండా తిరిగి తేవాలి, పోయినసారి ఒకాయన హుడ్ పోగొట్టాడు.

రొయ్యల గుంట · మంగళవారం సాయంత్రం 6:26

ఆ ఒకాయన నేను కాదు.